బొమ్మల కొలువులో పన్ను

మా యింట్లో మొన్నటి సంక్రాంతి దాకా ఒక పన్ను వుండేది. ఎవరి నోట్లోదీ కాదు లెండి. అగ్గిపెట్టెంత పొడవు, గోధుమ రంగు, చేతిలో పెట్టుకుంటే రాయిలాగా బరువు. ఏడాదిలో మూడు వందల అరవై రోజులు అది నా బల్ల సొరుగులో ఇంటిపన్ను రసీదుల మీద కూర్చునేది. పన్ను మీద పన్ను అని మా శ్రీమతి వచ్చినవాళ్ళందరితోనూ హాస్యమాడేది.

మిగిలిన అయిదు రోజులూ దానికి పండగే. సంక్రాంతికి మా యింట్లో బొమ్మల కొలువు పెడతారు. అట్టముక్కలతో ఒక కొండ, మెంతులు మొలిపించిన అడవి, అడవి పక్కన గద పట్టుకొన్న భీముడు, భీముడి పాదాల దగ్గర ఈ పన్ను. దానిముందు నేను స్వహస్తాలతో రాసిపెట్టిన చీటీ: "బకాసురుని దంతము". పేరంటానికి తల్లుల కొంగు పట్టుకొని వచ్చిన పిల్లలు కృష్ణుణ్ణీ చూసేవారు కాదు, రాముణ్ణీ చూసేవారు కాదు. అందరూ దీని చుట్టూ మూగేవారు. నేను కుర్చీ లాక్కొని బకాసురుడి కథ చెప్పేవాణ్ణి. తెలుగు చెప్పుకు బతికేవాడికి అంతకంటే సంతోషమేముంటుంది?

ఈసారి పండక్కి మా బావమరిది కూతురు రమ వచ్చింది. జియాలజీలో ఎం.ఎస్సీ. చదువుతున్నది. వాళ్ళ అత్తయ్యతో కలిసి బొమ్మలు తుడుస్తూ తుడుస్తూ ఈ పన్ను దగ్గర ఆగిపోయింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో అటూ యిటూ తిప్పింది. గోటితో గీకింది.

"ఇది ఎక్కడిది మామయ్యా?"

"బిలసర్గానిది. మీ నాన్న బేతంచెర్లలో పనిచేసే రోజుల్లో వెళ్ళాం. అప్పటికి నువ్వు ఉయ్యాలలో వున్నావు."

"ఏ గుహలో దొరికింది? ఏ పొరలో?"

"ఎడంచేతి వైపు గుహ అనుకుంటా. పొరా? గోడలో వుంటే బీరువా తాళంచెవితో గీకి తీశాను."

ఆ పిల్ల నావంక చూసిన చూపు నేను మరచిపోలేను. పరీక్ష హాల్లో చీటీతో దొరికిన కుర్రాణ్ణి నేను అలాగే చూస్తాను.

ఆ చూపు ఎందుకో తెలుసుకోవడానికి నాకు పండగ మూడు రోజులూ పట్టింది. ఆపైన రమ పంపిన వ్యాసాలూ, దొరికిన పుస్తకాలూ చదువుకొన్నాను.

బిలసర్గం నంద్యాల జిల్లాలో, బేతంచెర్లకు కొద్ది దూరంలో వున్నది. 2022 దాకా అది కర్నూలు జిల్లా. బేతంచెర్ల పేరు మీకు తెలియకపోయినా మీ పాదాలకు తెలిసే వుంటుంది. మన యిళ్ళలో పరచుకొనే బేతంచెర్ల బండలు అక్కడివే. ఆ చుట్టుపక్కలంతా సున్నపురాయి. వాననీరు ఆ రాతిని వేల ఏళ్ళపాటు కొంచెం కొంచెంగా కరిగించి లోపల గుహలు తొలిచింది. ఒకచోట పైకప్పు కూలిపోయి, ఇరుకైన లోయ ఏర్పడి, దానికి అటూ యిటూ గుహలు మిగిలినవి. ఇంగ్లీషువాళ్ళు బిల్లసుర్గం అని రాశారు. ఊళ్ళో కొందరు బిలస్వర్గం అంటారు. బిలానికి సొరంగం తోడైందా, స్వర్గం తోడైందా అని నన్నడిగితే నా ఓటు సొరంగానికే. స్వర్గం చేర్చుకొంటామంటే మాత్రం నాకేమీ అభ్యంతరం లేదు. ఎండాకాలం ఆ లోయలోకి దిగితే చల్లదనానికి ఆ మాటే నోట్లోకి వస్తుంది.

ఈ గుహల్లో ఎముకలున్నాయని లోకానికి మొదట తెలియజెప్పినవాడు మద్రాసు సైన్యంలో అధికారిగా వుండిన న్యూబోల్డ్. 1844లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. తరువాత నలభై యేళ్ళు ఎవ్వరూ పట్టించుకోలేదు. డార్విన్ తరఫున వకాల్తా పుచ్చుకొన్న హక్స్‌లీ పండితుడు వున్నాడే, ఆయన మద్రాసు గవర్నరుకు ఉత్తరం రాసి, ఆ గుహలు తవ్వించమని కోరాడు. 1884లో ఆ పని రాబర్ట్ బ్రూస్ ఫూట్ మీద పడింది. మద్రాసు దగ్గర పల్లావరంలో 1863లోనే రాతిగొడ్డలి కనిపెట్టి, దక్షిణదేశంలో ఆదిమానవుడి జాడ చూపించినవాడు ఆయన. ఫూట్ మొదలుపెట్టిన తవ్వకాన్ని సైన్యంలో లెఫ్టినెంటుగా వున్న ఆయన కొడుకు ముగించాడు. తండ్రీకొడుకులు ఆ గుహలకు చర్చి భాషలో పేర్లు పెట్టారు. ఒకటి కెథీడ్రల్, ఒకటి చాప్టర్ హౌస్, ఒకటి చార్నెల్ హౌస్. చార్నెల్ హౌస్ అంటే వాళ్ళ దేశంలో చనిపోయినవాళ్ళ ఎముకలు దాచే కొట్టు. ఆ గుహకు పేరు సరిగ్గానే కుదిరింది.

దొరికిన ఎముకలను లిడెక్కర్ అనే శాస్త్రజ్ఞుడు పరీక్షించి 1886లో జాబితా ప్రకటించాడు. అందులో ఒక ఖడ్గమృగం వున్నది. ఆయన దానికి కర్నూలు పేరే పెట్టి, రైనోసిరాస్ కర్నూలియెన్సిస్ అన్నాడు. ఇప్పుడు ఖడ్గమృగాన్ని అడవిలో చూడాలంటే మనం అస్సాం వంటి దూరపు చోట్లకు పోవాలి. నీటిమడుగులు, పచ్చిగడ్డి లేనిచోట అది బతకదు. మరి బండలు కాగే ఆ సీమలో ఒకప్పుడు అది తిరిగిందంటే, ఆ నేలకు అప్పుడు వేరే ముఖం వుండి వుండాలి కదా?

ఈ "వుండి వుండాలి" అనే మాట దగ్గరే రమ నన్ను పట్టుకొన్నది. ఊహ కాదు మామయ్యా, పళ్ళే చెబుతాయి అన్నది.

మనిషి పోయాక మొదట పోయేది నాలుక, చివరిదాకా మిగిలేది పన్ను. జంతువులకూ అంతే. పన్ను మీది ఎనామెల్ తొడుగు శరీరంలోకెల్లా గట్టి పదార్థం. అది మట్టిలో లక్షల ఏళ్ళు వుండగలదు. ఎముకకు మాత్రం మంచి చోటు దొరకాలి. పుల్లటి మట్టిలో ఎముక కరిగిపోతుంది. సున్నపురాతి గుహలో సున్నం ఆ పులుపును విరిచేసి ఎముకను కాపాడుతుంది. బయట పొలంలో చచ్చిన జింక మూడు వానలకు మాయమవుతుంది. గుహలో చచ్చిన జింక చరిత్ర అవుతుంది.

ఇక పన్ను ఏం చెబుతుందంటే, దాని యజమాని ఏం తిన్నదో చెబుతుంది. గడ్డిలో సన్నని ఇసుకవంటి పదార్థం వుంటుంది. నేలబారు మేతతో దుమ్మూ వస్తుంది. గడ్డి మేసే జంతువు పళ్ళు చాకు సానబట్టినట్టు అరిగిపోతూ వుంటాయి. అందుకే గుర్రానికీ, ఎద్దుకూ పళ్ళు పొడుగ్గా, అరగడానికి సరిపడా నిలవతో తయారవుతాయి. చెట్ల ఆకులూ చిగుళ్ళూ తినేవాటికి అంత పొడుగు అక్కరలేదు. గుహ మట్టిలో ఒక పొరలో పొడుగు పళ్ళు ఎక్కువగా వున్నవంటే బయట గడ్డిమైదానాలున్నట్టు. పొట్టి పళ్ళు పెరిగినవంటే చెట్లు దగ్గరపడినట్టు.

ఇంకా ముచ్చటైన సంగతి మరొకటి చెప్పింది. మనకు సంబంధించినది కూడాను. జొన్న, సజ్జ, చెరకు, మొక్కజొన్న — ఇవన్నీ ఎండదేశపు గడ్డిజాతులు. ఇవి గాలిలోని కార్బన్‌ను ఒక విధంగా పుచ్చుకొంటాయి. వరి, గోధుమ, చెట్లూ చేమలూ మరొక విధంగా పుచ్చుకొంటాయి. కార్బన్‌లో తేలిక రకం, బరువు రకం అని రెండు రకాలు వుంటాయి. జొన్న పద్ధతిలో పెరిగే మొక్కల్లో బరువు రకం పాలు కాస్త ఎక్కువ. ఆ మొక్కను తిన్న జంతువు పంటిలోకి ఆ పాళ్ళు చేరి అక్కడే నిలిచిపోతాయి. పంటి ఎనామెల్ పొడి చిటికెడు పరీక్షించి, ఆ జంతువు ఎండకాసిన గడ్డి మైదానంలో మేసిందా, చెట్లనీడన మేసిందా చెప్పవచ్చునట. అన్నట్టు మన పళ్ళు కూడా ఇదే సాక్ష్యం చెబుతాయి. జొన్నసంగటి తిని పెరిగిన మా బావమరిదికీ, వరన్నం తిని పెరిగిన నాకూ వున్న తేడా మా పళ్ళలో రాసి వున్నదన్నమాట. ఈ మాట విని మా బావమరిది, "మీ పళ్ళలో పంచదార తప్ప ఏం రాసి వుంటుంది బావగారూ" అన్నాడు. మా శ్రీమతి తమ్ముడి పక్షమే చేరింది.

పెద్ద జంతువులు ఎంత మంచి సాక్షులైనా, వాటికి ఒక లోపం వున్నది. కాళ్ళున్నవి, దూరం పోతాయి. కాని ఎలుక, చుంచు, పందికొక్కు పుట్టినచోటికి ఎక్కువ దూరం పోవు. పొలం ఎలుక పొలంలోనే, పొదల ఎలుక పొదల్లోనే. కనుక గుహ చుట్టూ నాలుగడుగుల నేల ఎలా వుండేదో చెప్పాలంటే ఈ చిన్న ప్రాణులను అడగాలి. మరి వాటిని గుహలోకి తెచ్చి పోగుచేసినదెవరు? గుడ్లగూబ! అది ఎలుకను మింగి, జీర్ణం కాని ఎముకలూ వెంట్రుకలూ ఉండచేసి కక్కుతుంది. రాతి అరుగు మీద కూర్చొని తరతరాలుగా కక్కిన ఆ ఉండలే పొరపొరగా పేరుకొంటాయి. మన యిళ్ళలో గుడ్లగూబ అరిస్తే చీపురు తిరగేస్తారు. ఈ శాస్త్రంలో అది గుమాస్తా. రాత్రంతా తిరిగి, ఏ రోజు లెక్క ఆ రోజు తెచ్చి దాఖలు చేస్తుంది.

ఇతర గుమాస్తాలు కూడా లేకపోలేదు. దుమ్ములగొండి పేరులోనే దుమ్ములున్నవి. అది ఎముకలను ఈడ్చుకువచ్చి గుహలో కూర్చొని నములుతుంది. ఏదుపంది తినడానికి కాక, పెరిగే పళ్ళు అరగదీసుకోడానికి ఎముకలు పోగుచేసుకొంటుంది. పైనుంచి కన్నంలో కాలుజారి పడ్డ జంతువులు కొన్ని. ఇవన్నీ మట్టితో పాటు ఒకదానిమీద ఒకటి పడి, అడుగున పాతవి, పైన కొత్తవిగా వుండిపోతాయి. పుస్తకంలో పుటలున్నట్టే.

ఇప్పుడు మీకు రమ చూపుకు అర్థం తెలిసి వుంటుంది. నేను పుస్తకంలో ఒక పుట చింపి జేబులో వేసుకొని వచ్చాను. ఏ పుటో కూడా చూసుకోలేదు.

ఫూట్ కాలంలో పొరలకు ఇంత వయసు అని సంవత్సరాల్లో చెప్పే సాధనం లేదు. ఇప్పుడు వున్నది. మట్టిరేణువు చివరిసారి సూర్యుణ్ణి చూసి ఎన్ని వేల ఏళ్ళయిందో లెక్కగట్టే పద్ధతులు వచ్చినవి. మన కాలంలో, ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయం, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం మొదలైనవాటికి చెందిన పండితులు కలిసి బిలసర్గం పొరలను మళ్ళీ పరిశీలించారు. 2014లో ఫలితం ప్రకటించారు. పోల్చుకోగలిగిన పాలిచ్చే జంతువుల రకాలు 21. వాటిలో 20 రకాలు కనీసం లక్ష యేళ్ళుగా, కొన్నయితే రెండు లక్షల యేళ్ళుగా, మన దేశంలో తెగిపోకుండా వస్తున్నవేనట. పోయినది ఒక్కటే. అది గెలడాకు దగ్గరి బంధువైన ఒక పెద్ద కోతి. గెలడా యిప్పుడు ఇథియోపియా కొండల మీద తప్ప ఎక్కడా లేదు. కోతులన్నీ చెట్లెక్కి కాయలు తింటూ వుంటే, అది నేలమీద కూర్చొని గడ్డి పీక్కొని తింటుంది. కర్నూలు గుహలో గడ్డి తినే కోతి!

ఇరవై ఒకటికి ఇరవై బతికి బట్టకట్టడం నాకు మొదట పెద్ద విశేషమనిపించలేదు. రమ అన్నది, "మామయ్యా, అదే కాలంలో అమెరికాలో ఏనుగుల జాతులు పోయినాయి. ఐరోపాలో మంచుయేనుగు పోయింది. ఆస్ట్రేలియాలో పెద్ద పెద్ద జంతువులు తుడిచిపెట్టుకుపోయినాయి. ఇక్కడ మాత్రం ఉన్నవి వున్నట్టే వుండిపోవడం చిన్న సంగతా?"

చిన్న సంగతి కాదు. ఆ రెండు లక్షల ఏళ్ళలో మంచుయుగం వచ్చింది. మన దగ్గర మంచు పడలేదు గాని ఋతుపవనం బలహీనపడింది. వానలు తగ్గి, అడవి సన్నగిల్లి, గడ్డి పెరిగింది. మళ్ళీ వానలు వచ్చి అడవి ముందుకు జరిగింది. ఇలా ఎన్నిసార్లో. మధ్యలో సుమారు 74 వేల సంవత్సరాల క్రితం సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలింది. దాని బూడిద సముద్రం దాటి వచ్చి మన నేలమీద కురిసింది. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో, జుర్రేరు లోయలో, ఆ బూడిద కొన్నిచోట్ల రెండున్నర మీటర్ల మందాన పేరుకొని వున్నది. దాని కిందా పైనా కూడా రాతిపనిముట్లు దొరికినట్టు 2007లో ప్రకటించారు. అంటే అక్కడ మనుషులు వేటాడుతూనే వున్నారు. బూడిద కురిసింది, కరువు వచ్చింది, మనిషి వేటాడాడు. దుప్పి మిగిలింది, కణుజు మిగిలింది, మనుబోతు మిగిలింది.

ఎలా మిగిలినవి? ఆ సీమ భూగోళమే జవాబు అంటారు. ఒక దిక్కున బయలు, ఒక దిక్కున గండ్లు, తూర్పున నల్లమల. సున్నపురాతి పొరల్లో వానలు లేని ఏళ్ళలోనూ ఊరే బుగ్గలు. యాగంటి కోనేరు చూసినవారికి ఈ మాట విడమర్చి చెప్పనక్కరలేదు. ఎండ ముదిరితే జింక బుగ్గ దగ్గరికి పోయేది. అడవి ముదిరితే బయలుకు వచ్చేది. ఒకచోట బతుకు కష్టమైతే పక్కచోటు వుండేది, పక్కచోటికి దారి వుండేది. గడ్డి కోతికి మాత్రం ఆ దారి ఎందుకో కలిసిరాలేదు. ఆ పండితులే మరో మాట కూడా రాశారు. ఈ జంతువులు దేశంలో వున్నా, అన్నీ పూర్వం వున్నచోటనే లేవు. చెదిరి, చోట్లు మారినవి. జనం పెరుగుతున్న యీ రోజుల్లో ఆ దారులు తెగకుండా చూడాలి అని.

నేను చూసిన బిలసర్గం దారి నాకు గుర్తున్నది. బండల గనులు, బండలు మోసే లారీలు, కంపచెట్లు, రెండు మేకల మందలు. దారిలో నాకు కనిపించిన అడవి జంతువు ఒక ముంగిస.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇరవై యేళ్ళుగా క్లాసులో ప్రబంధాల్లోని వేట ఘట్టాలు చెబుతూ, "ఇదంతా కవిసమయం నాయనా, ఏ కవీ చూసి రాయలేదు, పులి, పంది, ఎలుగు, దుప్పి, మనుబోతు అని ముందువాడు రాసిన పట్టీనే వెనకవాడు నకలు చేశాడు" అని పిల్లలను నవ్విస్తూ వచ్చాను. ఆ కవుల్లో కొందరు రాయలసీమ నేలమీద పుట్టి పెరిగినవాళ్ళు. గుహల పట్టీ చదివిన తరువాత నాకు నవ్వు రావడం లేదు. లిడెక్కర్ ఆ పద్యాలు చదివి వుండడు, ఆ కవులు గుహ తవ్వి వుండరు. రెండు పట్టీలూ పక్కపక్కన పెడితే చాలా పేర్లు కలుస్తున్నవి. వర్ణనలో అలవాటు వుంటే వుండవచ్చు గాక. జంతువులు మాత్రం పెరట్లోవే. వచ్చే ఏడాది ఆ పాఠం ఎలా చెప్పాలో యింకా తేల్చుకోలేదు.

పండగ అయిపోయి రమ ప్రయాణమవుతూంటే ఆ పన్ను కాగితంలో చుట్టి చేతిలో పెట్టాను. మా శ్రీమతి ముఖం చిన్నబుచ్చుకొన్నది. భీముడి పక్కన పెట్టడానికి మళ్ళీ ఏం దొరుకుతుందని ఆమె బెంగ. రమ దాన్ని వాళ్ళ మాస్టారికి చూపించింది. పశువుల కుటుంబానిది, కింది దవడ పన్ను అన్నారట. రాయి అయిన తీరు చూస్తే నిన్నమొన్నటి ఎద్దుది కాదు. కాని పదివేల యేళ్ళదా, లక్ష యేళ్ళదా, అది మేసిన గడ్డి కరువుకాలపుదా, వానకాలపుదా — పొర తెలిస్తే చెప్పగలిగేవాళ్ళం అన్నారట.

మొన్న రమ ఫోటో పంపింది. గాజుమూత పెట్టెలో, దూది మీద, మా పన్ను. కింద అచ్చువేసిన చీటీ: జాతి, పశుకుటుంబం. స్థలం, బిలసర్గం. గుహ, తెలియదు. పొర, తెలియదు. వయస్సు, తెలియదు. సేకరించినవారు అని వున్నచోట నా పూర్తి పేరు, డిగ్రీతో సహా.

వెంటనే ఫోన్ చేసి ఆ చివరి పంక్తి తీసెయ్యమన్నాను.

"వీల్లేదు మామయ్యా," అన్నది రమ. "ఆ పంటిని గురించి మాకు కచ్చితంగా తెలిసినవి రెండే. అందులో అది ఒకటి."